లోటుకాలమున పనిముట్టుల ఖర్చు



గత సంక్రాంతి పండుగకు మా జంగారెడ్డిగూడెమునకు నా పూర్వశిష్యు డొకడు వచ్చెను. చిన్ననాడు నాయొద్ద ఛందస్సు చదువుకొని, గణములు విడదీయుటలో తఱచుగా తప్పులు చేయుచుండెడివాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీయందు ఖర్చుల పద్దులు చూచు పెద్ద ఉద్యోగములో నున్నాడు. కాళ్ళకు నమస్కరించి, అరుగుమీద కూర్చుండి, కొంతసేపు మాటలాడక యుండెను. ఏమి నాయనా అని నే నడుగగా ఇట్లు చెప్పెను.

“మాస్టారూ, మా కంపెనీకి ఈ యేడు బేరములు తగ్గినవి. కంప్యూటర్లకు, వాని మరమ్మతులకు, వానిని నడిపించు సాఫ్టువేరునకు అగుచున్న వ్యయములో మూడవ వంతు తీసివేయుమని మావా రాజ్ఞాపించిరి. ఎక్కడ తీయవలెనో నన్నే నిర్ణయింపుమనిరి. తీయనిచో నా మాట చెల్లదు. తీసినచో రేపు పని చెడును. ఏమి చేయుటకును తోచకున్నది.”

నేను తెలుగు పండితుడను. కంప్యూటరు మీట నొక్కుటయు నాకు సరిగా రాదు. అయినను ఆ కుఱ్ఱవాని ప్రశ్న నాకు క్రొత్తదిగా తోచలేదు. ఆదాయము తగ్గిన యేడు పనిముట్టులమీద ఖర్చు ఆపవలెనా, నిలుపవలెనా యను ప్రశ్న నాగలి పట్టిన ప్రతివానికిని ఎదురగునదే. గోదావరి తీరమున ఈ ప్రశ్న ఒకప్పుడు లక్షలమంది ప్రాణములకు సంబంధించిన ప్రశ్నగా నుండెను. నేను వానికి ఆ కథయే చెప్పితిని. ఇప్పుడు మీకును అదే మనవి చేయుదును.

కంపెనీ యను మాట మనవారికి నేటిది కాదు. మన ముత్తాతలు దానిని కుంపిణీ యనిరి. ఆ కాలమున మనల నేలినది రాజు గాడు; లండను నగరమున వాటాదారులును డైరెక్టర్ల సభయు గలిగి, వర్తకముకై పుట్టిన ఒక సంఘము. అట్టి సంఘము చేతిలో గోదావరి మండలము చిక్కియుండెను. 1832-33 సంవత్సరములలో నందననామ కఱవు వచ్చెను. ఆ కఱవు పేరు చెప్పిన వృద్ధులు వణకుచుండెడివారట. 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచెను. నాటి రాజమహేంద్రవర మండలమున 1821 ప్రాంతమున ఏడు లక్షలకు పైబడియున్న జనసంఖ్య ఇరువది యేండ్లలో ఆఱు లక్షలకు లోబడెను. కొందఱు చచ్చిరి, కొందఱు వలసపోయిరి. దున్నువాడు లేక శిస్తు పడిపోయెను. నది మాత్రము ఏటేట నిండుగా పాఱుచు సముద్రములో కలియుచునే యుండెను.

ఈ దుర్దశకు కారణము విచారింప సర్ హెన్రీ మాంట్‌గొమరీ యను అధికారి నియమింపబడి, 1844లో తన నివేదిక నొసగెను. నీటివనరుల నుపేక్షించుట ఈ క్షయమునకు ముఖ్యకారణములలో నొకటి యనియు, సమర్థుడగు ఇంజనీరును పంపవలె ననియు దాని తాత్పర్యము. అట్లు వచ్చినవాడే ఆర్థర్ కాటను. ఆయన అంతకుముందే కావేరీ ప్రాంతమున పనిచేసి, 1836లో అచ్చట ఆనకట్టలు కట్టించియుండెను. ధవళేశ్వరము చెంత గోదావరికి అడ్డముగా కట్ట వేయవలెనని ఆయన ప్రతిపాదించెను. ఆనకట్టకు వేసిన తొలి అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు.

ఇచ్చట ఒక సంగతి మనము మఱువరాదు. ఆ దినములలో కుంపిణీ ధనాగారము నిండుగా లేదు. 1839 మొదలు 1842 వఱకు ఆఫ్ఘను యుద్ధము. 1843లో సింధుదేశపు దండయాత్ర. 1845-46లో సిక్కులతో తొలి యుద్ధము. అప్పులు పెరిగినవి. ఆదాయము క్షీణించిన మండలమునకు, తిరిగి వచ్చునో రాదో తెలియని లక్షల రూపాయలు పంపుమని ఒక ఇంజనీరు అడుగుచుండెను. అట్టి వేళ కాదని త్రోసివేయుట సులభము. అయినను 1846వ సంవత్సరాంతమున డైరెక్టర్ల సభ అనుమతి నిచ్చెను. 1847లో పని యారంభమయ్యెను.

కుంపిణీవారు దయాళురని నేను చెప్పుట లేదు. వారికి కావలసినది శిస్తు. అందువలననే ఈ కథ నా శిష్యునికి పనికివచ్చును. వాని యజమానులకు కావలసినదియు లాభమే కదా. కాటను వారి కరుణను యాచించి యూరకుండలేదు. వారి యెదుట లెక్క పెట్టెను. తంజావూరు మండలము నీటివసతివలన ఎట్లు పండుచున్నదో, అంతకంటె పెద్దనది గల ఈ మండలము ఎట్లు ఎండుచున్నదో పోల్చి చూపెను. నీరిచ్చినచో ఎంత భూమి సాగునకు వచ్చును, శిస్తు ఎంత పెరుగును, పడవలు నడిచినచో సరకుల రవాణాకు ఎంత కలిసివచ్చును అని వివరించెను. అంతకంటె ముఖ్యముగా, ఖర్చు చేయకున్నచో పోవునది ఎంతయో చెప్పెను. లోటుకాలమున ఒక వ్యయమును కాపాడునది ఆవేదన కాదు, లెక్క.

రెండవ సంగతి పొదుపు. కాటను అడిగినది మిక్కిలి ఖరీదైన కట్టడము కాదు. నది నడుమ సహజముగా నున్న లంకలను ఆధారము చేసికొని ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా కట్టించెను. అందువలన రాతికట్టడము పొడవు తగ్గెను. అన్నియు కలిపినను రెండు మైళ్ళకు కొంచెము పైగా మాత్రమే యుండెను. రాయి దూరమునుండి తేలేదు. ధవళేశ్వరపు కొండనే త్రవ్విరి. ఇసుకమీద కట్టడము నిలుచునా యను సందేహమునకు సమాధానము కావేరీమీది ప్రాచీన చోళుల ఆనకట్టయే యిచ్చెను. కదలు నిసుకలో పునాది నిలుపు నేర్పును ఆ పాత కట్టడమును చూచియే నేర్చుకొంటి మని కాటను దాచక చెప్పెను. క్రొత్త వస్తువు కొనుటకు ముందు, ఉన్నదానినుండి ఏమి నేర్వగలమో చూచినవాని మాట ధనమిచ్చువారు నమ్ముదురు.

మూడవ సంగతి మిక్కిలి కఠినమైనది. పని నడుమ వఱదలు వచ్చి నష్టము కలిగించెను. 1848లో కాటను అనారోగ్యముచే సెలవుమీద పోగా, కెప్టెన్ ఆర్ పని నడిపించెను. వ్యయము తొలి అంచనాను మించి చాల దూరము పోయెను. ఆ సమయమున డైరెక్టర్లు విసిగి, ఇక చాలు నని చేయి ముడిచియుండినచో ఏమగును? సగము కట్టిన కట్ట మఱుసటి వఱదకు కొట్టుకొనిపోవును. అంతవఱకు పెట్టిన ధనమంతయు సముద్రము పాలగును. సగము ఖర్చువలన సగము ఫలము వచ్చు పనులు కొన్ని కలవు. నదికి అడ్డముగా వేయు కట్ట అట్టిది కాదు. వారు ఆపలేదు. 1852లో ఆనకట్ట పూర్తి యయ్యెను. నేడు విజ్జేశ్వరమునుండి బయలుదేఱిన నీరు ఏలూరు కాలువగా నిడదవోలు, తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరుచున్నది. ఆ కాలువగట్టున పెరిగినవారికి దాని విలువ నేను చెప్పనక్కఱ లేదు.

కట్టినంత మాత్రమున కథ ముగియలేదు. 1860-70 నడుమ ఆనకట్ట ఎత్తు పెంచిరి. తరువాత దానిపై తలుపులు అమర్చిరి. నూఱేండ్లకు పైగా ఏటేట రాయి సర్దుచు, సున్నము వేయుచు దానిని నిలిపిరి. అదియు జీర్ణింపగా 1970లో మొదలిడి 1982 నాటికి క్రొత్త బారేజి కట్టిరి. 1986 ఆగస్టులో గోదావరికి మహాప్రవాహము వచ్చిన నాటికి ఆ క్రొత్త కట్టడము సిద్ధముగా నుండెను. వఱద కనబడనన్ని యేండ్లు దానిపై ధనము వెచ్చించుట వృథాగానే తోచియుండును.

ఇంతవఱకు చెప్పగా నా శిష్యుడు నవ్వి, “మాస్టారూ, ఆ నీరు మన మెట్టకు రాలేదు గదా” యనెను. నిజమే. కాలువ నీరు పల్లపు సీమకు. మాది బోరు నీటి సీమ. కావున మా యింటి కథ యొకటి, నా తప్పు నాతప్పుగానే వానికి చెప్పితిని.

మా యన్నదమ్ములకు ఉమ్మడిగా కొంత మెట్టభూమి కలదు. కొంత పొగాకు వేయుచుంటిమి. కొంత మేర పామాయిలు తోట నాటితిమి. పామాయిలు మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. మా తోట కాపు పట్టు వేళకే పొగాకు బేరము చెడెను. 2000-2001 సంవత్సరమున మన రాష్ట్రములో పొగాకునకు పంటవిరామమే ప్రకటింపబడెను. ఇంటిలో చేతికందు డబ్బు తగ్గెను. లెక్కల పుస్తకము నాయొద్ద నుండెడిది. బోరు మోటారు కొంతకాలముగా గరగరమని మ్రోగుచుండగా, బేరింగులు మార్పింపుమని మేస్త్రి చెప్పెను. బొట్టుబొట్టుగా నీరిచ్చు డ్రిప్పు గొట్టములును అచ్చటచ్చట పూడిపోయి యుండెను. ఈ యేటికి ఆగుదము, వచ్చు నేడు చూతమని పుస్తకములో ఆ రెండు పద్దులను నేనే కొట్టివేసితిని. ఆ రాత్రి ఎంతయో పొదుపు చేసితినని సంతోషించితిని.

వేసవి నడుమ మోటారు కాలెను. అదే వేళ ఊరిలో ఎన్నో మోటారులు కాలియుండుటచే మా వంతు వచ్చుటకు మూడు వారములు పట్టెను. చెట్లు చావలేదు. ఆకులు కొంత వాడినవి, వాన పడగా మరల పచ్చబడినవి. గండము గడచినదనుకొంటిమి. కాని పామాయిలు చెట్టునకు నీటి కొఱత కలిగినచో మగ పూగుత్తులు అధికమై, గెలలు తగ్గును. ఆ తగ్గుట వెంటనే కనబడదు. ఏడాది, రెండేండ్లు గడచిన పిమ్మట కనబడును. మాకును అట్లే రెండవయేట గెలలు పలుచబడెను. అప్పటికి మేము మోటారు సంగతి మఱచితిమి. ఎరువు చాలలేదని ఒకరు, మొక్క మంచిది కాదని ఒకరు వాదించుకొంటిమి. తోట చూడవచ్చిన తెలిసిన రైతొకడు పూగుత్తులను చూచి, “క్రిందటి ముందు వేసవిలో నీరు తప్పినదా” యని అడిగిన నాడు నా తల వంగెను. గోటితో పోవు పనికి గొడ్డలి తెచ్చుకొంటిమి.

పనిముట్టుల ఖర్చు కోయుటలోని మోసమంతయు ఇందే యున్నది. పొదుపు ఈ యేటి పద్దులో కనబడును. నష్టము మూడవయేటి పద్దులో కనబడును. ఆ నాటికి కోసినవాడు వేఱొక ఉద్యోగములో నుండును. లేదా నావలె మఱచియుండును.

అప్పుడు నా శిష్యుడు సూటిగా నడిగెను. “అయినచో ఏదియు కోయరాదందురా? మూడవ వంతు తీయుమన్నవారికి ఏమి చెప్పుదును?”

కోయరాదని నే ననలేదు. పనిముట్టు పేరు పెట్టిన ప్రతి ఖర్చును పవిత్రము కాదు. అప్పు చేసి పప్పుకూడు తిను వారు కంపెనీలలోను కలరు. కావున పద్దును మూడు పాళ్ళు చేయుమంటిని.

మొదటి పాలు కారుట. కాలువగట్టునకు ఎలుకబొరియలు పడి నీరు పోవునట్లు పోవు ధనము. వానినే అడుగగా వాడే ఏకరువు పెట్టెను. పదిమంది వాడు సాఫ్టువేరునకు నలువదిమందికి అద్దె కట్టుచున్నారు. అద్దెకు తీసికొన్న దూరపు యంత్రములు పనిలేని రాత్రులందును తిరుగుచు రుసుము పెంచుచున్నవి. ఒకే పనికి రెండు శాఖలు రెండు వేఱు వస్తువులు కొన్నవి. ఇవి మొదట మూయవలెను. లోటు లేని యేటనే మూయవలసియుండెను.

రెండవ పాలు వాయిదా. ఇంకను మొదలిడని క్రొత్త పనులు, ఇంకను పనిచేయుచున్న పాతవస్తువుల స్థానమున కొనదలచిన మెఱుగు వస్తువులు. వీనిని ఏడాది ఆపవచ్చును. అయితే సగములో నున్న పనిని ఆపుటకు ముందు ధవళేశ్వరపు కట్టను తలచుకొనవలెను. అది సగమున్నను పనికివచ్చు పనియా, లేక వఱదకు పోవు పనియా యని విచారింపవలెను.

మూడవ పాలు ముట్టరానిది. ఉన్నదానిని నడిపించు మరమ్మతు. పద్దుల నకళ్ళు వేఱొకచోట భద్రపఱచుట. దొంగలు రాకుండ వేయు తాళములు. ఆ పని తెలిసిన మనుష్యుల శిక్షణము. విత్తనపు వడ్లు దంచి వండుకొనిన యింటికి ఆ పూట కడుపు నిండును గాని తొలకరికి చేను నిండదు.

తాళముల మాట వచ్చినది గనుక లోకమెఱిగిన ఉదాహరణ మొకటి చెప్పెదను. 2017 మే నెలలో కంప్యూటర్లలోని కాగితములను బంధించి, విడుదలకు సొమ్ము అడుగు ఒక దొంగ ప్రోగ్రాము దేశదేశములకు ప్రాకెను. దానిని వాన్నాక్రై యనిరి. బ్రిటనులోని ప్రభుత్వ ఆసుపత్రులలో వేలకొలది రోగుల వైద్యపు టేర్పాట్లు రద్దయ్యెను. మన రాష్ట్రమున కొన్ని పోలీసు ఠాణాల కంప్యూటర్లకును ఆ తెగులు సోకినది. వింత యేమనగా, ఆ దొంగ ప్రవేశించు కంతను పూడ్చు మందును మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసియుండెను. దానిని వేసికొననివారును, కాలము చెల్లిన యంత్రములను మార్పక నెట్టుకొని వచ్చినవారును చిక్కుకొనిరి. మా మోటారు బేరింగులకును దానికిని భేదమేమి?

మఱి 2020 మార్చిలో కరోనా వ్యాధి వచ్చి దేశమంతయు మూతపడిన నాటి సంగతి మీరందఱును ఎఱిగినదే. హైదరాబాదు, బెంగుళూరు విడిచి మన పిల్లలు ఇండ్లకు వచ్చి, అరుగులమీదను డాబాలమీదను లాప్‌టాపులు పెట్టుకొని పని చేసిరి. ముందునుండి యంత్రములు, తాళములు సరిగా ఉంచుకొన్న కంపెనీలు కొలది దినములలో పని సాగించుకొన్నవి. ఆ యిండ్లకు జీతములు వచ్చినవి.

ఇచ్చట శ్రోతలలో పెద్దలెవరైనను నన్ను నిలదీయవచ్చును. కుఱ్ఱవాండ్ర కూడు తీయుచు యంత్రమునకు నూనె పోయుమందువా యని. న్యాయమైన ప్రశ్న. నా శిష్యునికిని అదియే బాధ. వాని కంపెనీలో ఈ ధనమును కాపాడినచో ఆ లోటును జీతములలో పూడ్చుకొందు రేమోయని వాని భయము. నేను చెప్పగలిగినది ఇంతయే. క్రొత్త యంత్రమునకును మనుష్యుని జీతమునకును పోటీ వచ్చినచో క్రొత్త యంత్రము ఆగవలెను. కాని ఉన్న యంత్రము చెడినచో దానిమీద బ్రతుకువారందఱి జీతమును చెడును. బోరు కాలిన తోటలో కూలివానికి పని యుండదు. యంత్రము నెఱిగిన మనిషిని పంపివేసి యంత్రమును ఉంచుకొనుట మాత్రము అన్నిటికంటె పెద్ద తెలివితక్కువ. కాటను ఒక్కడే రాళ్ళు మోయలేదు. వీణం వీరన్నవంటి మనవారు ఆయన క్రింద పని నేర్చి, ఆ నిర్మాణమున ముఖ్యులైరి. నేర్చిన చేయి ఊరు విడిచినచో తిరిగి రాదు.

చివరకు వానికొక కాగితమిచ్చి, ప్రతి పద్దునకు ఎదురుగా మూడు గడులు గీయించితిని. ఇది ఆపినచో ఏమి పోవును? ఎప్పుడు పోవును? పోయిన నాడు బాధ్యుడెవడు? ఈ మూడవ గడి నింపవలసివచ్చినప్పుడే కత్తెర పట్టినవాడు ఆలోచించును. దీనికి జవాబు చెప్పలేని పద్దును తానే కొట్టివేయవలె ననియు, అప్పుడే మిగిలిన పద్దులనుగూర్చి తన మాట చెల్లు ననియు వానికి చెప్పితిని.

ఫాల్గుణమాసమున వానియొద్దనుండి ఉత్తరము వచ్చెను. కారుటలు మూయగా, తీయుమన్న మొత్తములో సగమునకు పైగా తేలెనట. క్రొత్త వస్తువుల కొనుగోలు ఒక యేడు వాయిదా వేసిరట. మరమ్మతులను, నకళ్ళను, తాళములను ముట్టలేదట. శిక్షణపు పద్దు మాత్రము వాడెంత వాదించినను నిలువలేదు, దానిని కోసిరి. “మూడవ గడిలో మా పెద్దలు తమ పేరు వ్రాసికొనిరి, మాస్టారూ; మూడవయేట చూడవలెను” అని వాడు వ్రాసెను. వాని గణవిభజన ఈసారి చాలవఱకు సరిపోయెనని నేను జవాబు వ్రాసితిని.

మీలో సహకార సంఘముల లెక్కలు చూచువారు, ఉమ్మడి బోరులకు పెద్దలుగా నున్నవారు, మురుగు కాలువల పూడిక తీయించుటకు ఊరివారిని కూడగట్టువారు చాలమంది యుందురు. కొల్లేటి చుట్టుపట్ల గ్రామములవారికి పూడిన కాలువ అనగా నేమో నాకంటె బాగుగా తెలియును. బేరము పడిపోయిన యేడు మీ యెదుటికిని ఈ పద్దులే వచ్చును. అప్పుడు కలము పట్టి ఒక పద్దును కొట్టివేయుటకు ముందు ఆ మూడు గడులు గీయుడు. నేను గీయని యేడు ఎట్టిదో మా తోట నాకు రెండేండ్ల తరువాత చెప్పినది.

సెలవు.